మంచులో వేన్నీళ్ల స్నానం

నాన్న సంవత్సరీకం అయ్యాక, అత్తిలి నుంచి అమ్మని వియన్నా రప్పించుకున్నాను. ఉద్యోగం అక్కడే. క్రిస్మస్ సెలవులకి ఇద్దరం రైలెక్కి బుడాపెస్ట్ వెళ్లాం, మూడు గంటల లోపు ప్రయాణం. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోతుంది.

సెచెని స్నానశాల 1913లో తెరిచారు. 1200 మీటర్లకు పైగా లోతున్న బావిలోంచి 70 డిగ్రీలు దాటిన నీళ్లు వస్తాయి. చల్లార్చి ఆరుబయట కొలనుల్లోకి వదులుతారు. చీరతో దిగడం కుదరదు కాబట్టి మోకాళ్ల దాకా ఉండే స్విమ్‌సూట్ కొన్నాను.

"ఈ వయసులో ఈ వేషాలేంటే? అత్తిల్లో తెలిస్తే ఇంకేమన్నా ఉందా!"

తువ్వాలు చుట్టుకుని గట్టున వణుకుతూ నిలబడింది. నీళ్లలో ముసలాళ్లు తాపీగా చదరంగం ఆడుకుంటున్నారు. మమ్మల్నెవరూ పట్టించుకోలేదు. చివరికి చలికి తట్టుకోలేక దిగింది.

"అబ్బ, కాగులో నీళ్లలా ఉన్నాయే!"

మెడదాకా మునిగి, 2015 పుష్కరాల్లో కొవ్వూరులో నాన్న చెయ్యి పట్టుకుని మునగడం గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఏడాదిగా తనంతట తాను నాన్న ఊసెత్తడం అదే మొదలు. నేను మధ్యలో మాట్లాడలేదు.

వెళ్లేవాళ్లు చెప్పులు, తువ్వాళ్లు ఇంటి నుంచే పట్టుకెళ్లండి. రెండు గంటలైనా చేతిలో ఉంచుకోండి. అమ్మకి అవీ చాల్లేదు.