చేతికి తగ్గ లైను

గ్రూపులో చేపతో ఫొటో పెట్టిన దగ్గర్నుంచి రెండే ప్రశ్నలు. "పులుసు పెట్టావా?" అని ఒకటి, "నేనూ నేర్చుకోవాలంటే ఏం కొనాలి?" అని ఇంకొకటి. పులుసు లేదండీ, పట్టి మళ్లీ నీళ్లలో వదిలేస్తాను. రెండోదానికి మాత్రం వివరంగా చెప్తాను. ఎందుకంటే షాపువాళ్లు చెప్పేది మగవాళ్ల భుజాన్ని చూసి చెప్పేది.

మామూలు గాలంలో ఎర బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో అంతా తిరగబడుతుంది. ఈకలతోనో ఫోమ్‌తోనో చేసిన ఫ్లైకి బరువే ఉండదు, దాన్ని లైను మోసుకెళ్లాలి. అందుకే లైన్లకి నంబర్లు. ముందు 30 అడుగుల బరువుని బట్టి ఇస్తారు. 6వ నంబరు తులం కంటే కాస్త ఎక్కువ, 8వది 13.6 గ్రాములు. మూడు గ్రాములే కదా అనుకోకండి (బంగారం కొనేవాళ్లం, మనకి తెలీదా!). గంటసేపు ముందుకీ వెనక్కీ విసిరితే ఆ మూడు గ్రాములూ భుజంలో తెలుస్తాయి.

నీటి మీద బాస్ పట్టాలంటే చాలామంది 8 తీసుకోమంటారు. పెద్ద పాపర్లు, జింక వెంట్రుకల బగ్గులు గాలికి అడ్డంపడతాయి, వాటిని తోయడానికి బరువైన లైను కావాలి. న్యాయమే. కానీ నాకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో కుడి చంకలోంచి లింఫ్ నోడ్స్ తీశారు. (కొందరు చుట్టాలకి ఈ సంగతి ఇప్పుడే తెలుస్తోంది. బాగున్నాను, ఫోన్ చేసి ఏడవకండి.) జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేవని రోజులు చూశాను. ఫిజియోథెరపిస్టు సరేనన్నాకే రాడ్ పట్టుకున్నాను. అందుకని లెక్క తిరగేశాను. నా చెయ్యి మోయగలిగే లైను 6, మరి ఆ లైను మోయగలిగే ఫ్లై ఏది?

దొరికింది గర్‌గ్లర్. బోస్టన్‌కి చెందిన జాక్ గార్ట్‌సైడ్ చేసిన ఫ్లై. ఫోమ్ ముక్కని వీపు మీదుగా మడిచి, ముందు చిన్న పెదవిలా వదిలేస్తారు. లాగితే నీళ్లలో గుడగుడమంటుంది. జింక వెంట్రుకల బగ్గు తడిసేకొద్దీ బరువెక్కుతుంది, ఇది తడవదు. కొక్కెం 6వ సైజు చాలు. కొక్కేనికి నంబరు పెరిగితే సైజు తగ్గుతుంది, లైనుకి ఉల్టా. నాచు ఉన్న చెరువైతే వీడ్ గార్డ్ ఉన్నది తీసుకోండి.

లైను డబ్బా మీద "డబ్ల్యూఎఫ్6ఎఫ్" అని చూడండి: బరువు ముందువైపు, 6వ నంబరు, నీటిపై తేలేది. "బాస్ టేపర్" అని కూడా ఉంటే ఇంకా మంచిది. బరువంతా కొసకి దగ్గరగా ఉంటుంది కాబట్టి రెండు ఊపుల్లో వెళ్లిపోతుంది, చేతికి పని తగ్గుతుంది. చవగ్గా వస్తోందని చన్నీళ్ల ట్రౌట్ లైను కొనకండి, మా టెక్సాస్ జూలై ఎండకి ఉడికిన సేమ్యాలా మెత్తబడుతుంది. చివర కట్టే లీడర్ 7.5 అడుగుల మందపాటి నైలాన్. ఫ్లోరోకార్బన్ వద్దు, అది మునిగి ఫ్లై ముక్కుని కిందకి లాగుతుంది.

పొద్దున్నే, ఎండెక్కకముందు, నాచు అంచున వేసి వదిలేయండి. నీటిమీద వలయాలు ఆరిపోయేదాకా కదపకండి. ఇదే కష్టం! తర్వాత ఒక్క చిన్న లాగు. మన కొర్రమీను కప్ప మీదకి ఎగిరినట్టే బాస్ కూడా కిందనుంచి వస్తుంది. అప్పుడు రాడ్ పైకెత్తకుండా ఎడం చేత్తో లైను గుంజాలి. నాకదే వరం, భుజం లేపక్కర్లేదు.

నోడ్స్ తీసిన చేతికి గాయం మంచిది కాదు. నేను పొడుగు చేతుల చొక్కా, గ్లవ్ వేసుకుంటాను, కొక్కెం ముల్లుని ప్లయర్‌తో అణిచేస్తాను. కళ్లద్దాలు అందరికీ తప్పనిసరి. టెక్సాస్ స్టేట్ పార్కుల్లో లైసెన్సు కూడా అక్కర్లేదు.

అమెరికాలో ఉన్నవాళ్లు "కాస్టింగ్ ఫర్ రికవరీ" గురించి చూడండి. రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఆడవాళ్లకి 1996 నుంచి ఉచితంగా ఫ్లై ఫిషింగ్ శిబిరాలు పెడుతున్నారు. అంతదూరం వద్దనుకుంటే, గ్రూపులో కాకుండా నాకు విడిగా మెసేజ్ పెట్టండి. ఇంట్లో ఇంకో రాడ్ ఉంది, 6వ నంబరుదే.