పదిహేను వేల బ్రిడ్జి అసలు ఖరీదు

మా తోడల్లుడు గారు, నేను అన్నయ్యగారని పిలిచే ఆయన, బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. డబ్బు విషయంలో ఆయన మాట మా అత్తవారింట్లో చట్టం. 2012లో నా కింది వరసలో కుడివైపు దవడ పన్ను పుచ్చి పీకించాల్సి వచ్చినప్పుడు ఆ చట్టం నా నోటిదాకా వచ్చింది.

విజయవాడలో డాక్టరు రెండు దారులు చెప్పాడు. ఇంప్లాంటైతే క్యాపుతో కలిపి 35,000. బ్రిడ్జి అయితే పన్నుకి 5,000 చొప్పున మూడింటికి 15,000. నేను ఇంప్లాంటు వైపే మొగ్గాను. అన్నయ్యగారు ఒప్పుకోలేదు. “ఒక్క పన్నుకి ముప్పై అయిదు వేలేంటి తమ్ముడూ? కొత్త మోజు, ఎన్నాళ్ళుంటుందో ఎవరికి తెలుసు? బ్రిడ్జి వేయించేసి మిగిలిన ఇరవై వేలు ఎఫ్‌డీలో పడెయ్. ఎనిమిదేళ్ళలో రెట్టింపవుతుంది” అన్నారు. మా ఆవిడ తలూపింది. బ్రిడ్జీ పడింది, ఎఫ్‌డీ కూడా పడింది.

‘కొత్త మోజు’ అన్న మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. 1952లో స్వీడన్‌లోని లుండ్‌లో పెర్-ఇంగ్వర్ బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు కుందేలు కాలి ఎముకలో అమర్చిన టైటానియం పరికరాన్ని తిరిగి తీయబోతే ఊడి రాలేదు. ఎముక దానికి అతుక్కుపోయింది. 1965లో గోథెన్‌బర్గ్‌లో గోస్తా లార్సన్ అనే రోగి దవడలో ఆయన టైటానియం మరలు దించి, వాటిమీద పళ్ళు కట్టాడు. లార్సన్ 2006లో చనిపోయేదాకా ఆ మరలు పనిచేస్తూనే ఉన్నాయి. అంటే అన్నయ్యగారు మోజన్న నాటికి ఈ పద్ధతికి 47 ఏళ్ళు.

ఇంప్లాంటుకి సాధారణంగా మూడు భాగాలు: వేరు స్థానంలో ఎముకలో కూర్చునే మర, దానిమీద బిగించే అబట్‌మెంట్, పైన క్యాపు. చాలా రకాల్లో మర ఒంటిని సన్నటి రేణువులతో కొట్టి, యాసిడ్‌తో గరుకు చేస్తారు. ఆ గరుకుని పట్టుకుని ఎముక పెరుగుతుంది. అందుకే మర దించాక మామూలుగా కొన్ని నెలలు ఆగి క్యాపు వేస్తారు. నమిలే బరువు మర చుట్ల గుండా ఎముకకి చేరుతుంది కాబట్టి ఆ ఎముకకి పని ఉంటుంది. బ్రిడ్జి సంగతి వేరు. సొంత పునాది లేకుండా అటూ ఇటూ పక్కిళ్ళ గోడల మీద దూలం వేసినట్టు. ఆ గోడలు నా ఆరోగ్యమైన రెండు పళ్ళు. వాటిని చుట్టూ అరగదీసి తొడుగులు వేశారు. మధ్యలో వేరు లేని చోట ఎముక తరిగిపోయింది.

2020లో వెనక పన్ను తొడుగు కింద పుచ్చింది. లోపల జరిగేది పైకి కనపడదు, నొప్పి తెలిసేసరికి ఆలస్యమైపోయింది. ఇక పద్దు చూడండి. బ్రిడ్జి కోసి తీయడానికి 1,500. రూట్ కెనాల్ ప్రయత్నం 5,000. అది నిలవక పీకుడు 1,500. స్కాన్ 2,500. వెనక పన్నే లేనప్పుడు మళ్ళీ బ్రిడ్జికి ఆధారం ఎక్కడిది? రెండు ఇంప్లాంట్లు, క్యాపులతో 90,000. తరిగిన ఎముక పూడ్చడానికి గ్రాఫ్ట్ 15,000. ముందువైపు అరగదీసిన పన్నుకి కొత్త క్యాపు 6,000. మొత్తం 1,21,500.

ఎఫ్‌డీ సంగతీ న్యాయంగా చూడాలి. 20,000కి 8.5 శాతం, మూడు నెలలకోసారి చక్రవడ్డీ, ఎనిమిదేళ్ళకి దాదాపు 39,200. రెట్టింపన్న మాట ఇంచుమించు నిలబడింది. కానీ 19,200 వడ్డీ మీద నా శ్లాబులో 20 శాతం ట్యాక్సు 3,840. సెస్సు వదిలేశాను. చేతికి మిగిలింది 35,360. మొదటి 15,000 ఏ దారిలోనైనా ఖర్చే, రెండువైపులా కొట్టేద్దాం. అటు 35,360, ఇటు 1,21,500. తేడా 86,140. ఇంప్లాంటు మీద క్యాపైనా ఒకసారి మార్చాల్సి వచ్చేదేమో, 8,000 తీసేస్తే 78,140. ఇంకా ఉదారంగా, వెనక పన్ను ఎలాగూ పోయేదే అనుకుందాం. దాని ఇంప్లాంటు 45,000, రూట్ కెనాల్, పీకుడు, స్కాన్ కలిపి 54,000 కూడా మాఫీ చేశాను. అయినా 24,140 అన్నయ్యగారి సలహా ఖాతాలోనే తేలింది.

కాగితం మీద వేసి చూపిస్తే, “అందరికీ అలా జరగదుగా” అన్నారు. నిజమే. పదేళ్ళు దాటి నిలిచిన బ్రిడ్జిలు బోలెడు. పక్క పళ్ళకి ముందే క్యాపులు పడివుంటే బ్రిడ్జే మేలు కావచ్చు. షుగరు అదుపులో లేనివాళ్ళకి, సిగరెట్టు మానలేనివాళ్ళకి ఇంప్లాంటు చుట్టూ చిగురు చెడి ఎముక కరిగే ప్రమాదం ఎక్కువ. తీసిపెట్టే పళ్ళసెట్టు అన్నిటికన్నా చవక. డెంటల్ కాలేజీల్లో ఫీజులు తక్కువ.

నాకు మింగుడుపడనిది ఒక్కటే. ఇరవై వేలకి ఎనిమిదేళ్ళ వడ్డీ నోటిలెక్కన చెప్పిన మనిషి, అరగదీయబోయే రెండు మంచి పళ్ళకి పైసా విలువ కట్టలేదు. బిల్లులో వాటి పేర లైనే లేదు. నా అసలు కరిగించి, వడ్డీ వచ్చిందని ఎనిమిదేళ్ళు సంతోషపడ్డాం. పోయినేడాది ఆయనకీ దవడ పన్ను ఒకటి పోయింది. చడీచప్పుడు లేకుండా ఇంప్లాంటు వేయించుకున్నారు. ఎఫ్‌డీ ఊసెత్తలేదు. మా ఆవిడ ఆ కబురు చెప్పిన రోజు నేను రెండు పూటలా తృప్తిగా భోంచేశాను.

ఆయన నా చెడు కోరలేదు. తనకి తెలిసిన కొలబద్దతో కొలిచారు, అంతే. స్థలం అమ్మకంలోనైనా, పిల్లల చదువు విషయంలోనైనా మన పెద్దల సలహాలు చాలావరకు ఇలాగే నడుస్తాయి. ఎంత మిగులుతుందో వేళ్ళమీద చెబుతారు, ఏది కరుగుతుందో చెప్పరు. అది అడిగి తెలుసుకోవాల్సింది మనమే.

పన్ను పీకించుకోబోయేవాళ్ళకి ఒక మాట. మెడిక్లెయిం ఉందిగా అని ధీమా వద్దు, ప్రమాదంలో పోతే తప్ప ఎక్కువ పాలసీలు ఈ ఖర్చు ఇవ్వవు. డాక్టరుని మూడు సంగతులు అడిగి కాగితం మీద రాయించుకోండి: ఏ మంచి పన్నుని అరగదీస్తారు, వేసింది పాడైతే తర్వాతి దారేమిటి, ఆ దారికి ఇవాళ్టి ధరెంత. ఆ మూడో అంకె కూడా కలిపాకే ఏది చవకో తేల్చండి.