బెలుం గుహలలో ఒక దినము

మూసిన గదులన్న నాకు చిన్ననాటి నుండియు భయము. ఈ సంగతి పెండ్లియైన పదునాలుగేండ్లలో ఎవ్వరికిని చెప్పియుండలేదు. లిఫ్టున్న చోటను మెట్లెక్కియే పోవుదును. అడిగినవారితో కాళ్లకు మంచిదందును. గడచిన మార్గశిరమున మావారు తమ బడిపిల్లలను బెలుం గుహలకు తీసికొని పోవుచు, నన్నును, తొమ్మిదేండ్ల మా అమ్మాయిని కూడ రమ్మనిరి. కాదనుటకు నాకు నెపము దొరకలేదు.

తాడిపత్రి నుండి బస్సులో పోతిమి. త్రోవ పొడుగునను నాపరాతి గనులును, పలకల దొంతరలును కానవచ్చెను. గుహ యనగా కొండకు నోరువలె నుండునని తలచితిని. అచ్చట కొండయే లేదు. చదునైన మెట్టనేల నడుమ దిగుడుబావివంటి గోయియు, అందులోనికి మెట్లును ఉన్నవి. బిలమను సంస్కృతపదమే బెలుమైనదందురు. 1884లో రాబర్టు బ్రూస్ ఫుట్ అను భూగర్భశాస్త్రవేత్త ఈ గుహలను గూర్చి వ్రాసెను. 1982, 83 సంవత్సరములలో డేనియల్ గెబౌర్ అను జర్మను దేశీయుడు తన జట్టుతో లోపల తిరిగి పరిశీలించెను. నేలక్రింది నీరు సున్నపురాతిని యుగముల తరబడి కరగించి చేసిన ఈ త్రోవల పొడవు 3,229 మీటర్లు. అందు ఒకటిన్నర కిలోమీటరు మేర దీపములమర్చి 2002లో జనులకు తెరచిరి.

పిల్లలు కేరింతలతో దిగిపోయిరి. నాలుగవ మెట్టున నా కాళ్లు నిలిచిపోయినవి. గుండె దడదడలాడెను, అరచేతులు చెమర్చెను, ఊపిరి చాలనట్లు తోచెను. మా అమ్మాయి నా మొగము చూచి, “అమ్మా! నీకును ఇట్లగునా? నన్ను కొట్టుగదిలో పెట్టి గడియ వేసితివే, అప్పుడు నాకును ఇట్లే అయినది” అనెను.

ఆ మాట నన్ను కోసివేసినది. ఏడేండ్ల వయసున నేను దాగుడుమూతలాటలో ధాన్యపుకొట్టులో దాగితిని. ఎవరో వెలుపల గడియ వేసి, నన్ను మరచి, భోజనములకు పోయిరి. నా భయము అచ్చటనే మొలచినది. అట్టి నేను తమ్ముని కొట్టినదను కోపమున బిడ్డను అట్టి చీకటిలోనే పెట్టితిని! అది కొద్దిసేపే యని నేననుకొంటిని. లోపలనున్నవారికి కొద్దిసేపు, చాలసేపు అను భేదముండదు.

మావారు నవ్వలేదు, కసరలేదు. “పది మెట్లు దిగి మరల రమ్ము. నీవు ఎప్పుడు కావలసిన అప్పుడే తిరిగి రావచ్చును” అనిరి. ఆ మాటయే నాకు ధైర్యమిచ్చినది. ఈ భయములో రెండు భయములున్నవి: ఊపిరాడదనునది యొకటి, బయటపడజాలననునది మరియొకటి. భయపడి వేగముగ ఊపిరి తీసినకొలది ఒంటిలోని బొగ్గుపులుసు వాయువు తగ్గి తలతిరుగును, వ్రేళ్లు తిమ్మిరెక్కును. అది చూచి గాలి లేదని భ్రమించి ఇంకను వేగముగ పీల్చుదుము. నిజమునకు ఈ గుహలోనికి గొట్టముల ద్వారా గాలి పంపుచున్నారు. ఓర్చి నిలిచిన భయము అలవలె లేచి తనంత తగ్గును. పారిపోయిన ప్రతిసారియు, పారిపోవుటచేతనే బ్రతికితినని మనసు నేర్చుకొనును. అమెరికాలో మేరీ కవర్ జోన్సు అను విదుషి, కుందేలన్న బెదరు ఒక బాలుని గూర్చి 1924లో ప్రకటించెను. వానికి ఇష్టమైన తినుబండారములు పెట్టుచు, కుందేలును కొంచెము కొంచెముగ దగ్గరకు చేర్చి ఆమె వాని భయము పోగొట్టెను. బలవంతముగ వాని ఒడిలో పడవేయలేదు.

నేను పది మెట్లు దిగి వచ్చితిని. మరల దిగితిని. మూడవమారు పైకి రాలేదు. కిష్కింధాకాండలో వానరులు ఋక్షబిలమున చొచ్చి, చీకటిలో ఒకరినొకరు పట్టుకొని నడచిన ఘట్టము తలపునకు వచ్చెను. అంతటి హనుమంతుడు ముందున్నను వారికి చేయూత కావలసి వచ్చినది, నాకు సిగ్గేల? అమ్మాయి చేయి పట్టుకొని సింహద్వారము దాటితిని, కోటిలింగములను చూచితిని. ఒకచోట పైకప్పున రాయి వేయి పడగలు విప్పినట్లుండగా, నా భయమును క్షణకాలము మరచితిని.

పాతాళగంగకు పోవు త్రోవ ఇరుకు. అది నేలకు 46 మీటర్ల లోతున నున్నది. అచ్చట నేను నిలిచిపోయితిని. అమ్మాయి తండ్రితో దిగినది. వారు వచ్చువరకు ఆ రాతిక్రింద ఒంటరిగ కూర్చుండి, ఊపిరి నెమ్మదిగ విడుచుచు లెక్కపెట్టుకొంటిని. అమ్మాయి తడిచేతులతో వచ్చి నా నెత్తిన నీరు చల్లెను. “బుజ్జితల్లీ, నాడు నేను చేసినది తప్పు” అంటిని. అది ఏమియు పలుకక నా చేయి పట్టుకొనెను.

సోదరీమణులారా! మీ యింట నెవరికైన ఇట్టి భయమున్న పరిహసింపకుడు, తోయకుడు. తలుపు తెరచియుంచి, తోడుండి, అడుగడుగున అలవాటు చేయుడు. భయము మిక్కుటమై పనులకడ్డమైనచో మానసిక వైద్యులున్నారు. అల్లరి మాన్పుటకని బిడ్డలను మాత్రము చీకటిగదిలో పెట్టకుడు. మేము ఇల్లు చేరిన మరునాడే వడ్రంగిని పిలిపించి కొట్టుగది వెలుపలి గడియ ఊడదీయించితిని. మొన్న పట్టణమున లిఫ్టులో ఒక అంతస్తు ఎక్కితిని. రెండవ అంతస్తునకు మాత్రము మెట్లమీదనే పోతిని.