ఏనుగులెన్ని?

చెన్నపట్టణమున ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియము 1851లో నెలకొన్నది. పూర్వము ఊరివారు దానిని తమిళమున 'సెత్త కాలేజీ', అనగా చచ్చినవాటి కాలేజీ, అనెడివారు. ఒక్కపూటలో గదులన్నియు త్రిప్పినచో మన పిల్లలకును అట్లే తోచును. కాళ్లు నొచ్చును, ఇంటికి పోదమను మాట యొక్కటే మిగులును.

మేము అట్లు త్రిప్పము. అమరావతి శిల్పములకడకు నేరుగా పోయి, నలగిరి కథ చెక్కిన గుండ్రని ఫలకము నొక్కదానినే చూపుదుము. కథ ముందుగా చెప్పము. "ఏనుగులెన్ని?" అని మాత్రము అడుగుదుము. రెండందురు. మరల చూడుడందుము. ఒకవంక మదించి వీధిలో జనులపై బడునదియు, మఱియొకవంక బుద్ధుని పాదములకడ మోకరిల్లునదియు ఒకటే ఏనుగని కొంతసేపటికి వారే కనుగొందురు. మేడ కిటికీలనుండి చూచువారిని లెక్కింతురు, బెదరినవారిని వెదకుదురు. దేవదత్తుడు రాజగృహమున ఆ ఏనుగును విడిపించిన కథను అప్పుడు చెప్పుదుము. అరగంట తెలియకయే గడచును.

ఇందు మఱియొక లాభము కలదు. బడిలో తమిళమును ఆంగ్లమును చదువు మన పిల్లలు ఇంట తెలుగున ఒకటి రెండు మాటలతో సరిపెట్టుదురు. ఈ కథను అవ్వకు చెప్పబోవునపుడు మదము, తొండము, మావటి, మోకరిల్లుట అను మాటలు వారికి అవసరమగును. తామే అడిగి నేర్తురు.

అమరావతిలో 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించిన రాళ్లలో పెక్కు లండను చేరినవి. కృష్ణాతీరపు శిల్పములు కొన్నియైన మన యూర నున్నవి. వానిని మన పిల్లలకు తెలుగుననే చూపుదము. ఒకమాటు ఒక రాయి చాలును.