ఉప్పు ప్యాకెట్ వెనకవైపు

మా భావనపాడుకు నౌపడ ఉప్పుమళ్లు ఎంతో దూరం లేవు. ఎండాకాలంలో గట్ల మీద పోగులు పోసిన ఉప్పును చూస్తూ పెరిగాం. మా ఇళ్లలో ఉప్పును మందని ఎవరూ అనలేదు. ఇప్పుడు సింగపూర్‌లో నేను సరుకులు కొనే చోట ఉప్పు ప్యాకెట్లు కూడా ఆరోగ్యం గురించి మాట్లాడుతున్నాయి. ‘తక్కువ సోడియం’ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది.

ఉత్త మాట కాదది. మామూలు ఉప్పు 100 గ్రాముల్లో 39 గ్రాముల దాకా సోడియమే. అందులో కొంత తగ్గించి, ఆ మేరకు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. చైనాలో 600 పల్లెల్లో దాదాపు 21 వేల మందితో ఏళ్ల తరబడి సాగిన పరిశోధన ఫలితాలు 2021లో వచ్చాయి. పావు వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు వాడినవాళ్లలో పక్షవాతం 14 శాతం తగ్గింది. సింగపూర్ ప్రభుత్వం ఈ ఉప్పునే వాడమంటోంది. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అదే చెప్పింది. ప్యాకెట్ మీది మాట నిజమే. ఎవరి విషయంలో నిజం అన్నదే నా బాధ.

ఆ చైనా పరిశోధనలోకి కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లను తీసుకోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు, గర్భిణులకు, పిల్లలకు వర్తించదు. మా మండలం దాటి ఉత్తరానికి వెళ్తే వజ్రపుకొత్తూరు, పలాస, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం. అదంతా కిడ్నీ జబ్బుకు పేరుపడ్డ ఉద్దానం. అక్కడ చదువురాని ముసలమ్మ నోట కూడా, కిడ్నీల పనితీరు చెప్పే ‘క్రియాటినిన్’ అనే మాట తడబడకుండా వస్తుంది. కిడ్నీ జబ్బు కోసమే 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరిచారు.

కిడ్నీలు సరిగా పనిచేయకపోతే పొటాషియం బయటికి పోదు. రక్తంలో పేరుకుని గుండె లయ తప్పిస్తుంది, ప్రాణం మీదికే రావచ్చు. అందుకే కొబ్బరితోటల మధ్య పుట్టి పెరిగినవాళ్లను కూడా జబ్బొస్తే డాక్టర్లు పొటాషియం ఉండే కొబ్బరినీళ్లు మానమంటారు. ఇక్కడ ఇంకో చిక్కుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లలో చాలామందికి బీపీ ఉంటుంది. టెల్మిసార్టాన్ లాంటి కొన్ని బీపీ మాత్రలు కూడా పొటాషియాన్ని పెంచుతాయి. అంటే ‘బీపీకి మంచిది’ అనే ఉప్పు కోసం ముందుగా చెయ్యి చాచేది, దాన్ని ముట్టకూడనివాళ్లే. పైగా జబ్బు మొదట్లో ఏ లక్షణమూ కనబడదు. తమకు ఉందని తెలియనివాళ్లు ఎందరో.

ఈమధ్య మా చిన్నమ్మ ఫోన్ చేసింది. “కొత్త ఉప్పొచ్చిందిరా, మీ చిన్నాన్న బీపీకి మంచిదట. కొట్లోవాడు ఇచ్చాడు, వాడొచ్చేటి?” అంది. చిన్నాన్నకు క్రియాటినిన్ ఎక్కువుందని నాకు తెలుసు. “ప్యాకెట్ వెనక ఏటి రాసున్నాదో ఫొటో తీసి పంపు చిన్నమ్మా” అన్నాను. పొటాషియం క్లోరైడ్ ఉంది. కిడ్నీ జబ్బుంటే డాక్టర్ని అడగాలని హెచ్చరికా ఉంది, సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో. లేబుల్ మీద ఇంగ్లీషు గానీ హిందీ గానీ ఉంటే మన చట్టానికి చాలు. తెలుగు వేయాలన్న నిర్బంధం లేదు. మా చిన్నమ్మకు ఆ రెండూ రావు.

‘రాశాం కదా’ అంటే సరిపోదు. ఇది మన తెలుగు డాక్టరే తేల్చి చూపించారు. పేరులో ఓఆర్ఎస్ అని పెట్టుకుని అమ్మే తీపి పానీయాల మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఎనిమిదేళ్లు పోరాడారు. విరేచనాలైనప్పుడు తాగించే అసలైన ఓఆర్ఎస్‌లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజే ఉంటుంది. చక్కెర అంతకు బాగా మించిపోతే బిడ్డకు విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. అయినా, ‘ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్ఎస్ కాదు’ అని రాస్తే ఆ పేరు వాడుకోవచ్చని 2022లో మన దేశ ఆహార భద్రతా సంస్థ ఒప్పుకుంది. 2025 అక్టోబరు 14న ఆ అనుమతిని తనే రద్దు చేసింది. పైన పెద్దగా ఉన్న పేరును కింద చిన్నగా ఉన్న వాక్యం సరిదిద్దలేదని అంతటి సంస్థకు తెలిసొచ్చింది.

ఉప్పుకూ అదే న్యాయం కావాలి. మా శ్రీకాకుళం జిల్లాలో అమ్మే ప్రతి పొటాషియం ఉప్పు ప్యాకెట్ మీద ‘కిడ్నీ జబ్బున్నవాళ్లు వాడకూడదు’ అని ముందువైపు తెలుగులో ఉండాలి. ప్యాకెట్ మీద వేసే గుండె బొమ్మ ఎంత పెద్దదైతే ఈ మాటా అంత పెద్దదిగా.

చిన్నాన్న ఇంట్లో ఇప్పుడు మామూలు ఉప్పే, తగ్గించి వాడుతున్నారు. రోజుకు మనిషికి చెంచాడు, అంటే 5 గ్రాములు మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. చిన్నాన్నకు ఎంతన్నది పలాస డాక్టరు చెబుతారు. సముద్రం ఒడ్డు ఇల్లు కాబట్టి ఉప్పుచేప తగ్గించడమే అన్నింటికన్నా కష్టంగా ఉందట.

సెలవులకు ఊరెళ్తూ అమ్మానాన్నల కోసం ఇలాంటి ఉప్పు సూట్‌కేసులో సర్దుకునే మా వైపు పిల్లలు ఇక్కడ చాలామందే ఉన్నారు. ప్రేమతోనే తీసుకెళ్తారు. సర్దే ముందు ఇంటికి ఒక్క ఫోన్ చేసి, వాళ్లిద్దరి క్రియాటినిన్ రిపోర్టులు అడగండి. పరీక్షే చేయించుకోలేదంటే, ముందు అది చేయించండి.