వేటకు ముందటి దినము

మా మొగల్తూరు ప్రాంతమున 'వేట' యన్నచో సముద్రమే తలపునకు వచ్చును. పేరుపాలెము తీరమునుండి పడవలు కదలినచో 'వేటకు పోయినారు' అందురు. తిరిగి ఒడ్డు చేరినచో 'వేటనుండి వచ్చినారు' అందురు. ప్రతి సంవత్సరము ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు 61 దినములు తూర్పుతీరమున యంత్రపుపడవలు కడలిమీదికి పోరాదు. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని ప్రభుత్వమువారు చేసిన కట్టడి యది. దానిని జనులు 'వేట నిషేధము' అందురు. ఆ రెండు నెలలును తండ్రులు ఇండ్లయొద్ద వలలు బాగుచేసికొనుచుందురు గావున, ఈ మాట బడిపిల్లలకు సైతము తెలిసినదే.

ఇట్టి చోట పెరిగినదగుటచే, ఏడేండ్ల మా కూతురు తన పెదతాతగారి నోట 'జింకల వేట' యను మాట వినగానే, "జింకలకి కూడా నిషేధం ఉంటుందా తాతా? ఎన్ని రోజులు?" అని యడిగెను.

"డెబ్బైరెండులో మొదలైందమ్మా. ఇంకా అవలేదు" అని ఆయన నవ్వెను.

ఆయన మా మామగారి యన్నగారు. ఎనుబదియేండ్లు నిండవచ్చినవి. యౌవనమున బంధువులతో గూడి గోదావరి లంకలలో వేటకు తిరిగినవాడు. తుపాకి నేనాడో ప్రభుత్వమున కప్పగించెను. రెండేండ్లనుండి శుక్లములు కన్నులను కప్పుచున్నవి. శస్త్రచికిత్స మాట ఎవరెత్తినను, 'ఈ వయసులో నేను కొత్తగా చూడాల్సిందేముంది?' అని త్రోసివేయుచుండెను. ఆ దినమున ఆయన చెప్పిన మాట యొకటి మమ్ము నిలుపునట్లు చేసినది. "తుపాకీ పని రెప్పపాటే. అసలు పని ముందురోజుది. జాడ చూడాలి, గాలి చూడాలి, ఎక్కడ మేసింది, ఎక్కడ నీళ్ళు తాగింది చూడాలి. అది తెలిసినవాడే వేటగాడు. తుపాకీ ఎవడైనా పేలుస్తాడు."

"అయితే ముందురోజు పని చెయ్యొచ్చు కదా?" అనెను మా చిన్నది.

న్యాయశాస్త్రము చదివినవారికైనను తోచునో లేదో గాని, ప్రశ్న సరియైనది. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము చంపుటను మాత్రమే గాక, ఉచ్చొగ్గుట, తఱుముట, ఎరవేయుట మొదలగువానిని కూడ వేటయనియే పేర్కొన్నది. కృష్ణజింక ఆ చట్టపు మొదటి యనుబంధమున చేరినది. దానిని వేటాడినవారికి మూడేండ్లకు తక్కువగాని, ఏడేండ్లకు మించని కారాగారవాసము. అయితే దూరమున నిలిచి చూచుటను ఏ చట్టమును కాదనలేదు.

ఇంట పెద్ద చర్చ జరిగినది. మా తల్లిగారు "ఆడపిల్లకి వేటేమిటిరా, అందులోనూ ఆ పాపపు పని!" అనిరి. మా యింటి యిల్లాలు, "చంపడం మానేశాక మిగిలినదానిలో పాపమేముందత్తయ్యా? చూడటం నేర్చుకుంటే ఆడపిల్లకి చెడేదేమిటి?" అని తేల్చివేసెను. ఈ వాదమునకు మేము చేర్చవలసినది కనబడలేదు.

బడిలో పాఠము చెప్పుకొని బ్రదుకు మాకు ముదుసలి మాటలో వ్యాకరణము గూడ కనబడినది. ధాతుపాఠమున 'మృగ' ధాతువునకు అన్వేషణ మని యర్థము. 'మార్గ' ధాతువునకును అదియే. కాగా మృగయ యనగా ముందు వెదకుట. చంపుట దానివెంట వచ్చి చేరిన పని. మృగశబ్దము మొదట అడవిజంతువు లన్నిటికిని చెల్లుచుండెను. అందుచేతనే సింహము మృగరాజయ్యెను. పిమ్మట నది జింకయందు నిలిచినది. ఆంగ్లభాషలోను ఇట్లే జరిగినది. వారి 'డీర్' శబ్దము ప్రాచీనకాలమున జంతుమాత్రమునకు పేరు. నేడు జింకజాతికి మాత్రమే చెల్లును. ఇంతయెడముననున్న రెండు భాషలును ఒక్క త్రోవనే నడచుటకు కారణము, ఇరుదెసలవారును మిక్కిలిగా వెదకి తఱిమినది ఆ యొక్క ప్రాణినే యగుట కావచ్చును.

వెదకుటకు మొగల్తూరు చుట్టుపట్ల తావు లేదు. 1847లో మొదలై 1852లో ముగిసిన దవళేశ్వరము ఆనకట్ట మా సీమను అన్నపూర్ణను చేసినది. నేడు మా చుట్టును వరిచేలు, కొబ్బరితోటలు, చేపల చెఱువులు, రొయ్యల చెఱువులు. బయలున బ్రదుకు కృష్ణజింకకు ఇందులో చోటేది? అది మిగిలియున్నది ఆనకట్ట చెంతనున్న గోదావరి లంకలలో. కావున అటవీశాఖవారికి ముందుగా తెలిపి, మాఘమాసమున నది సన్నగిల్లిన దినములలో, వృద్ధునితోను పిల్లతోను బయలుదేరితిమి. నరసాపురము, పాలకొల్లు దాటి, సిద్ధాంతము వంతెనమీదుగా వసిష్ఠను దాటి, రావులపాలెము మీదుగా ఆత్రేయపురము చేరి, అచట రాత్రి గడపితిమి. పూతరేకులు తిని పండుకొనిన మా చిన్నదానిని తెల్లవాఱకముందే లేపి, బొబ్బర్లంక చెంత నాటుపడవ నెక్కించితిమి. లంకలోని గేదెల కాపరి యొకడు త్రోవ చూపుటకు మాతో వచ్చెను.

ఒడ్డున దిగి ఒండ్రుమట్టిపై అడుగిడినపుడు గాని మాకొక విషయము స్ఫురింపలేదు. జాడ యెఱిగిన వృద్ధునికి చూపు లేదు. చూపున్న మాకు జాడ తెలియదు. ఈ రెంటికి నడుమ నున్నది నేలకు మాకంటె దగ్గఱగానున్న యొక పిల్ల. వృద్ధుడు ఆమె భుజముపై చేయివేసి, కఱ్ఱ నానించి నిలిచి యడుగసాగెను.

"ఏం కనబడుతోందో చెప్పు."

"బాదంపప్పు రెండు బద్దలు చేసి పక్కపక్కన పెట్టినట్టుంది తాతా."

"మొన వాడిగా ఉందా, మొద్దుగా ఉందా?"

"వాడిగా ఉంది."

"అయితే మేకది కాదు. మొన ఎటుంది?"

"నీళ్ళవైపు."

"అంచు చూడు. రాలిపోయిందా, నిలిచి ఉందా?"

"నిలిచే ఉంది. లోపల తడిగా ఉంది."

"ఇప్పుడే వెళ్ళింది. గుప్పెడు సన్నిసుక తీసి వదులు, గాలెటో చెప్పు."

ఇట్లు ఒక గడియసేపు నడచితిమి. ఒకచోట పెంటికలు కుప్పగా పడియుండెను. మగజింక తన యెల్లను తెలుపుటకు ఒక్కచోటనే మరలమరల వేయునని, ఇది దాని పొలిమేరరాయి యని వృద్ధుడు చెప్పెను. మా చిన్నది కుప్పకు ప్రదక్షిణముగా తిరిగి చూచి, "మన పొలం గట్టు తగాదాలాంటిదే" అనెను. ఆ తగాదా మా యింట పదేండ్లనుండి నడచుచున్నది.

అటుపిమ్మట కూరగాయల తోట యొకటి వచ్చెను. చుట్టును ముండ్లకంప వేసియున్నారు. ఒకచోట మాత్రము సందు. జాడ ఆ సందు వఱకును పోయినది.

"తాతా, ఇక్కడ అడుగులు ఆగిపోయాయి. పక్కకి తిరిగాయి. గట్టిగా దిగబడ్డాయి" అనెను మా చిన్నది.

"ఆగిందా? ఎందుకాగింది? కదలకుండా చూడు."

ఆమె వంగి చూచెను. "తీగుంది తాతా. సన్నగా, గుండ్రంగా ఉంది. కంపలోకి పోయింది."

వృద్ధుని చేయి ఆమె భుజముపై బిగిసినది. కొంతసేపేమియు పలుకలేదు. అది మోటారుసైకిలు క్లచ్చు తీగెతో అల్లిన ఉచ్చు. ముందరనున్న గేదెల కాపరి వెనుకకు వచ్చి మెల్లగా ననెను: "ఆయ్, దాన్నలా వదిలేయండి మేష్టారూ. పందులకి పెట్టుంటారు. మీరు సాయంత్రానికి మీ ఊరెళ్ళిపోతారు. నేనిక్కడే ఉండాలి."

"ఎవరు పెట్టినారో నీకు తెలియునా?" అని యడిగితిమి.

"పెట్టేవాడు పేదోడేనండి. తినేవాళ్ళు మీలాంటి చదువుకున్నోళ్ళు. కార్లలో వస్తారు."

మేము నోరు మెదపలేకపోతిమి. వృద్ధుడు ఆ పిల్ల చేయి పట్టుకొని నేలపై కూర్చుండెను. వ్రేళ్ళతో తీగె వెంబడి తడవుకొనుచు పోయి, కంపలోని ముడిని కనుగొని, కన్నులు మూసికొనియే విప్పెను. ఆ ముడి ఆయన వ్రేళ్ళకు క్రొత్తది కాదని మా కందఱకును తెలిసినది. మా చిన్నది ఆయన ముఖము చూచి, "నువ్వూ ఇలాంటివి పెట్టేవాడివా తాతా? ఇప్పుడు నిన్ను జైల్లో పెడతారా?" అనెను.

"అప్పుడు చట్టం లేదమ్మా" అని, కొంత తడవాగి, "లేకపోయినా, ఉచ్చు పెట్టడం వేట కాదని మా నాన్న కొట్టాడు" అనెను.

ఏల కాదు? ఆ ప్రశ్న మమ్ము ఇంటివఱకు వెంటాడినది. దశరథుడు రాత్రివేళ సరయూతీరమున కుండ మునుగు చప్పుడు విని, ఏనుగనుకొని బాణము విడిచెను, చూడలేదు. పాండురాజు జింకలజంటను చూచెను గాని, ఆ రూపమున నున్నవారు మునిదంపతులని యెఱుగడయ్యెను. వారిరువురకును దక్కినది శాపము. కాళిదాసుని దుష్యంతుడు మాత్రము, ఇది ఆశ్రమమృగమని తాపసు లడ్డుపడగా, ఎక్కుపెట్టిన బాణమును దించెను. చక్రవర్తియగు కొడుకు కలుగునని దీవెన పొందెను. ఈ కథలలో మన పెద్దలు తప్పుపట్టినది చూడక కొట్టుటనే. ఇక ఉచ్చు మాటయేమి? దానికి కన్నులే లేవు. ఇఱ్ఱి వచ్చినను, చూలు లేడి వచ్చినను, గేదెదూడ వచ్చినను, కుక్క వచ్చినను దానికొక్కటియే. పెట్టినవాడు అచట నుండనే యుండడు. వెదకుట పోయి చంపుట మాత్రము మిగిలిన మృగయ యది.

గేదెల కాపరి మాటలోని రెండవ సగమును గూడ చదువరులు ఆలోచింపవలసియున్నది. తీగె పన్నినవానిని పట్టుకొనుటకు చట్టము కలదు. వానికి రూకలిచ్చి, ఆ మాంసమును ఇంటికి తెచ్చి, 'దొరకనిది దొరికిన'దని విందు చేయువారు మనలోనివారు. ఆ విందునకు పిలుపు వచ్చినపుడు పోకుండుట, పోయినను విస్తరి ముందునుండి లేచుట, ఏమని యడిగిన పిల్లలకు కారణము దాచక చెప్పుట మన చేతిలోని పని. కృష్ణసారము సహజముగా తిరుగాడు నేలయే యజ్ఞమునకు తగిన నేలయని మనుస్మృతి చెప్పినది. ఉపనయనమున వటువునకు కృష్ణాజినపు ముక్క కట్టుచున్నాము. ఆంధ్రప్రదేశమునకు రాష్ట్రజంతువుగా దానినే యెన్నుకొన్నాము. ఇన్ని గౌరవములు చేసిన ప్రాణికి మిగిలిన తావు నదీగర్భములోని ఇసుకదిబ్బ. దానికి సంవత్సర సంవత్సరము వరద భయము వేఱు. 2022 జులైలో దవళేశ్వరమున నీరు మూడవ హెచ్చరిక మట్టమగు 17.75 అడుగులను దాటినది. అట్టి వేళలలో లంకలోని ప్రాణు లన్నియు మిగిలిన మెరకకు చేరవలసినదే. అచట వానిని పట్టుటకు ఉచ్చయినను అక్కఱలేదు.

ఆ యుదయమున జింకలను చూడకపోలేదు. తోట దాటినపిదప, గాలి మా మొగమున కొట్టునట్లు రెల్లుదుబ్బు చాటున కూర్చుంటిమి. మొదట కనుగొన్నది మా చిన్నదే. దూరపు గడ్డిబయలున నలుపుమీద తెలుపుతో ఒక ఇఱ్ఱియు, దానికి కొంచెము యెడముగా కొమ్ములు లేని లేళ్ళు నాలుగును ఉండెను. ఆమె వృద్ధుని చెవిలో ఒక్కొక్కటియే చెప్పుచుండెను: కడుపు తెలుపు, కంటిచుట్టు తెలుపు, కొమ్ములు మెలిదిరిగినవి. "ఎన్ని మెలికలు?" అని ఆయన యడిగెను. ఆమె లెక్కించుచుండగానే మాలో ఎవరో తుమ్మితిమి. ఒక లేడి నిటారుగా గాలిలోని కెగిరెను. ఆ వెంటనే తక్కినవి.

తిరిగి వచ్చునపుడు ఆ తీగెను అటవీశాఖవారి కొప్పగించి, దొరికిన చోటు చెప్పితిమి. త్రోవ చూపిన వాని మాట యెత్తలేదు; వారును అడుగలేదు. ఉచ్చు పన్నిన పేదవాడు మఱునాడు మఱియొకటి పన్నెనో లేదో మేమెఱుగము. కూతురికి మాత్రము ఒక విద్య పట్టుబడినది. ఇప్పుడామె పేరుపాలెము ఇసుకలో పీతల జాడలు చదువుచున్నది. పెరటిలోనికి రాత్రి వచ్చినది పిల్లియో ముంగిసయో చెప్పుచున్నది. చూచుట నేర్చినవారికి జింకయు కనబడును, ఉచ్చును కనబడును. ఒకటి మాత్రమే చూపి పెంచుట మన వశములోనిది కాదు.

వృద్ధుడు పది దినములు ఏమియు పలుకక, ఒకనాటి యుదయమున మమ్ము పిలిపించెను. "ఆ పిల్ల లెక్క పూర్తి చెయ్యలేదు. మూడో, నాలుగో మెలికలు. నరసాపురంలో కంటి డాక్టరు ఏ వారం చూస్తాడో కనుక్కో అల్లుడూ" అనెను.