'ఆస్క్' అను క్రియ – దాని బంధువర్గము

ఆంగ్లభాష నేర్వబూనిన విద్యార్థికి తొలి సంవత్సరంలోనే పరిచయమయ్యే క్రియలలో 'ఆస్క్' ఒకటి. చాలా చిన్న మాట, అర్థం తెలియనివారుండరు. అయినప్పటికీ అనేక సంవత్సరాలుగా ఆంగ్లం బోధిస్తున్న నాకు, మన విద్యార్థులు అర్జీ వ్రాయడానికి కూర్చున్నప్పుడు సరిగ్గా ఈ మాట దగ్గరనే వారి కలం ఆగిపోవడం తరచుగా కనిపిస్తుంది. ఏ మాటతో అడగాలి అన్నది కేవలం వ్యాకరణ సమస్య కాదని నా నమ్మకం.

మా ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు. ఉర్దూలో తెలియని సంగతి అడిగితే 'పూఛ్‌నా', లేని వస్తువు అడిగితే 'మాంగ్‌నా'. ఒకదాని చోట మరొకటి నిలువదు. తెలుగులోనో, దారినీ అడుగుతాము, నీళ్ళూ అడుగుతాము, పెండ్లికి పిల్లనూ అడుగుతాము. ఈ విషయంలో ఆంగ్లం తెలుగుకు దగ్గరి చుట్టం. కాకపోతే వస్తువు కోరినప్పుడు 'ఫర్' అన్న చిన్న మాటను వెంట తీసుకొని రమ్మంటుంది. 'ఆస్క్ ది వే' అంటే దారి చెప్పమనడం, 'ఆస్క్ ఫర్ వాటర్' అంటే నీళ్ళిమ్మనడం. ఉర్దూ మాతృభాషగా గలవారు 'ఆస్క్‌డ్ ఫ్రం హిం' అని వ్రాయడానికి కారణం మన 'ఉస్ సే పూఛా' అన్న వాడుకే గాని అశ్రద్ధ కాదు. 'అతనిని దారి అడిగాను' అన్న తెలుగు వాక్యాన్ని మనసులో నిలుపుకొంటే 'ఆస్క్‌డ్ హిం ది వే' దానంతటదే వస్తుంది.

క్రీ.శ. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించకముందే ఈ క్రియ అక్కడి ప్రజల నోట ఉన్నది. పదునాలుగవ శతాబ్దపు కవి ఛాసర్ దీనిని 'ఆక్స్' అన్న రూపంలో కూడా వాడినాడు; నేడు అట్లా పలికేవారిని చూసి నవ్వేవారు ఆ సంగతి ఎరుగరు. తరువాత ఫ్రెంచి నుండి 'క్వెశ్చన్', లాటిన్ నుండి 'ఇంటరాగేట్' వచ్చి చేరాయి. ఈ మూడు అంతస్తుల సంగతిని ఆల్బర్ట్ బా అను పండితుడు 1935లో వెలువడిన తన ఆంగ్లభాషా చరిత్రలో చూపినాడు. నాకు తోచినంతలో 'ఆస్క్' మన అరుగు మీద వచ్చి కూర్చునే మనిషి. 'క్వెశ్చన్' బల్లకు అవతలి వైపు కూర్చుంటుంది, దానికి కొంత అనుమానం. 'ఇంటరాగేట్' ఉండే చోటు పోలీసు ఠాణా.

అన్నింటికంటె విచిత్రమైన కథ 'డిమాండ్'ది. ఫ్రెంచిలో ఈ క్రియకు నేటికీ కేవలం 'అడుగు' అనే అర్థం. ఇంగ్లండు న్యాయస్థానాల వాడుకలో పడి అది 'హక్కుగా అడుగు' అయింది. క్రమంగా గొంతు పెంచింది. మన దగ్గర 'సవాల్' గతి కూడా ఇంతే. అరబ్బీ నుండి వచ్చిన ఈ మాటకు ఉర్దూలో ప్రశ్న అని అర్థం, యాచన అని కూడా అర్థం. 'సవాలీ' అంటే చేయి చాచినవాడు. అదే మాట తెలుగులోకి వచ్చి తొడగొట్టి నిలిచింది! ఒకే మాట ఒక భాషలో బిచ్చమడిగి, మరొక భాషలో పోటీకి పిలవడం చూస్తే అడగడం అనే పనిలోనే ఈ రెండు అంచులూ ఉన్నాయేమో ననిపిస్తుంది.

మొన్నటి సంవత్సరం ఒక విద్యార్థి, మంజూరైన విద్యార్థివేతనం ఎనిమిది నెలలుగా చేతికందక, ఒక కార్యాలయానికి వ్రాసిన ఉత్తరం దిద్దమని తెచ్చాడు. అందులో 'ఐ బెగ్' అని మూడుచోట్ల ఉన్నది. బ్రిటిషు కాలపు కచేరీ ఉత్తరాల నుండి మనకు దక్కిన ఆస్తి ఇది. మంజూరైన డబ్బుకు 'బెగ్' ఎందుకన్నాను. మరునాడు మిత్రులు చెప్పారని 'ఐ డిమాండ్' అని మార్చి తెచ్చాడు. "సార్, ఇది చూస్తే కోపగించుకుంటారేమో, అది చూస్తే లోకువ కడతారేమో" అన్నాడు. అతని భయం నిరాధారం కాదు. డికెన్స్ 1837లో ప్రచురించ నారంభించిన నవలలో ఆలివర్ ట్విస్ట్ అను అనాథ బాలుడు ఎంత మర్యాదగా మరికొంత గంజి అడిగినా, పెద్దలకది తిరుగుబాటుగానే వినిపించింది గదా! అడిగేవాడు పేదవాడైతే ఏ క్రియ వాడినా వినేవారికి అది పెద్ద మాటగానే తోస్తుంది.

అయినా క్రియ మన చేతిలో ఉన్నది. దానిని సరిగా ఎంచుకోవలసిందే. 'రిక్వెస్ట్' వాడమన్నాను. ఇందులో మర్యాద ఉన్నది, దైన్యం లేదు. (క్రియగా వాడినప్పుడు దీని పక్కన 'ఫర్' అక్కరలేదు, నామవాచకమైతేనే కావాలి. మన ఉత్తరాలలో సగం ఇక్కడే తప్పుతాయి.) 2005 నాటి సమాచార హక్కు చట్టం కూడా ఈ మాటనే వాడింది. పౌరుడు వ్రాతమూలకంగా ఆంగ్లంలో గాని, హిందీలో గాని, ఆ ప్రాంతపు అధికారభాషలో గాని సమాచారం కోరవచ్చు. ఎందుకు కోరుతున్నాడో కారణం చెప్పనవసరం లేదు. సాధారణంగా 30 రోజులలో బదులు రావాలి. మెత్తని క్రియ వెనుక చట్టం నిలబడితే 'డిమాండ్' చేయవలసిన పనిని 'రిక్వెస్ట్' చేసిపెడుతుందని ఆ విద్యార్థికి చెప్పాను.

అతడు ఉత్తర్వు సంఖ్య, తేదీ, రావలసిన మొత్తం చేర్చి ఒకే పుటలో తిరగవ్రాశాడు. రెండు ప్రతులు తీసుకొనిపోయి, తన ప్రతి మీద ముట్టినట్లు ముద్ర వేయించుకొని సాయంత్రానికి వచ్చాడు. ముద్ర వేయమనడానికి ఏ క్రియ వాడావన్నాను.

"తెలుగులోనే అడిగాను సార్" అన్నాడు.